స్నేహితుడితో కలిసి పాత పద్యాలు, నాటకాలు చదవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. నేనూ నా స్నేహితుడూ వారానికి ఒకసారి కూర్చుని పాత తెలుగు పద్యాలు, నాటకాలు పైకి చదువుకోవాలనుకుంటున్నాం. నేను రాజమండ్రి, వాడు డాలస్. కాబట్టి వీడియో కాల్ తప్ప దారి లేదు. ఇద్దరికీ తెలుగు చదవడం బాగానే వచ్చు. ఛందస్సు మాత్రం పదో తరగతి పరీక్షతోనే సరి. అనుకున్నవి మూడు: పోతన గజేంద్రమోక్షం, గురజాడ కన్యాశుల్కం, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం పద్యాలు.

సందేహాలు ఇవి. పద్యం గడగడా చదివేస్తే అర్థం కాదు, ముందే తాత్పర్యం చూసుకుంటే ఇక పద్యం మీద మనసు నిలవదు. ఏది ముందు? సగం మాటలు నిఘంటువులో దొరకడం లేదు, ఎందుకని? కన్యాశుల్కంలో అంతమంది ఉంటే ఇద్దరం ఎలా పంచుకోవాలి? కాల్‌లో ఒకేసారి చదివితే గొంతులు కలవడం లేదు, దానికేమైనా ఉపాయం ఉందా?

యతిస్థానం:

మొదటి ప్రశ్నకు నా జవాబు: ముందు పద్యం, తర్వాత పదవిభాగం, ఆ తర్వాత అన్వయం (మాటలను అర్థం వచ్చే వరసలో పేర్చుకోవడం), చిట్టచివర తాత్పర్యం. తాత్పర్యం పేజీని కాగితంతో కప్పేయండి. మీ ఇద్దరూ సొంత మాటల్లో అర్థం చెప్పుకున్నాకే తీసి సరిచూసుకోండి. వరస తిరగబడితే మీరు చదివేది తాత్పర్యమే అవుతుంది.

ఇద్దరున్నారు కాబట్టి పని పంచుకోవచ్చు. ఒకరు చదివేవారు, ఒకరు విడగొట్టేవారు. పద్యం పద్యానికీ మారండి. చదివేవారు పద్యాన్ని రెండుసార్లు ఆపకుండా గణాల నడకలో చదవాలి, అర్థం తెలియకపోయినా సరే. రెండోవారు పెన్సిలుతో సంధులు విడగొట్టాలి. ఒక పద్యం దగ్గరపెట్టుకుని చూద్దాం.

ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వని యందు డిందుఁ బరమేశ్వరుఁ డెవ్వఁడు మూలకారణం
బెవ్వఁ డనాదిమధ్యలయుఁ డెవ్వఁడు సర్వముఁ దానయైన వాఁ
డెవ్వఁడు వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేడెదన్

ఇది ఉత్పలమాల: భ, ర, న, భ, భ, ర, వ. పాదానికి 20 అక్షరాలు, యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు) 10వ అక్షరం. మొదటి పాదంలో వేళ్ళ మీద లెక్కపెడితే పదోది 'మె'. పాదం మొదలు 'ఎ'. ఎ, మె రెండింటికీ యతి ఎలా కుదిరింది? అది 'జగము + ఎవ్వని' కాబట్టి. సంధి విప్పితే ఎ, ఎ ఎదురెదురుగా నిలబడతాయి. అంటే మాట ఎక్కడ విరగాలో కవే యతిస్థానంలో గుర్తు పెట్టి ఇచ్చాడన్నమాట. నాలుగో పాదం ఇంకా తేటగా ఉంటుంది. మొదలు 'డె', పదోది 'నీ'. కంటికి డకార నకారాలకు పొత్తే లేదు. 'వాఁడు + ఎవ్వఁడు', 'ఆత్మభవున్ + ఈశ్వరున్' అని విప్పితే ఎ, ఈ మిగులుతాయి. ఇ ఈ ఎ ఏ ఋ ఒక జట్టు. అ ఆ ఐ ఔ ఒక జట్టు. ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. జట్టు కుదిరితే యతి కుదిరినట్టే. ఈ పద్యంలో నాలుగు పాదాలూ ఇలా అచ్చుల మీదే నడిచాయి, అందుకే మొదటి పాఠానికి దీన్ని మించింది లేదు. యతి కుదరలేదనిపించిన చోట ముందు మీ పదవిభాగాన్ని అనుమానించండి, తర్వాత అచ్చుతప్పును, ఆఖరికి కవిని.

అందరూ చేసే తప్పు ఇంకోటి ఉంది: పాదం చివర ఆగిపోవడం. పై పద్యంలో రెండో పాదం 'మూలకారణం' దగ్గర అయిపోయింది, మాట అవలేదు. 'మూలకారణంబు + ఎవ్వఁడు'. మూడో పాదం చివర 'వాఁ' దగ్గర ఆపితే అది మాటే కాదు. ఊపిరి పాదాన్ని బట్టి కాదు, మాటను బట్టి తీసుకోవాలి. ఇక్కడ 'ఎవ్వఁడు' అన్న ప్రతిచోటా ప్రశ్న పూర్తవుతుంది కాబట్టి ఆగడానికి చోట్లు బోలెడు.

అన్వయానికి సులువు, ముందు సమాపక క్రియను, అంటే వాక్యాన్ని ముగించే క్రియను పట్టుకోవడం. ఇక్కడ అది ఆఖరి మాట 'వేడెదన్'. ఎవరు వేడతారు? ఏను, అంటే నేను. 'ఈశ్వరు నే' అన్నది 'ఈశ్వరున్ + ఏన్'. ఇప్పటి చెవికి 'ఈశ్వరునే' అని, దేవుణ్ణి మాత్రమే అన్నట్టు వినిపిస్తుంది, జాగ్రత్త. ఎవరిని వేడతారు? అలాంటివాణ్ణి. ఎలాంటివాణ్ణి? మిగతా పద్యమంతా ఆ ప్రశ్నకు జవాబు. ఇలా ఒకరు అడుగుతూ ఒకరు చెబుతూ పోతే అన్వయం దానంతటదే వస్తుంది. ఒంటరిగా చదివేవాళ్ళకు ఈ వెసులుబాటు లేదు.

గంటకు 5 లేదా 6 పద్యాలు, మధ్యలో వచనం. అంతకు మించితే నాలుగో మెట్టు ఎగరగొట్టడం మొదలవుతుంది. వచనాన్ని తేలిగ్గా తీసుకోకండి, పద్యం కంటే అక్కడే ఎక్కువమంది తడబడతారు. సమాసాలు బారెడు ఉంటాయి, ఆగే చోటు కనబడదు. చూచి, అగుచు, చేసి లాంటి అసమాపక క్రియ వచ్చినప్పుడల్లా చదివేవారు మారండి.

సీసపద్యం వస్తే మాత్రం ఇద్దరికీ పండగే. పెద్ద పాదంలో 6 ఇంద్రగణాలు, 2 సూర్యగణాలు. అది నడిమికి రెండు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకూ దాని యతి దానికే ఉంటుంది. మొదటి ముక్క ఒకరు, రెండోది ఒకరు. కిందనున్న ఎత్తుగీతి (తేటగీతో ఆటవెలదో) మొత్తం ఎవరో ఒకరే చదవండి. అక్కడ కూడా పంచుకుంటే పద్యం ముగిసినట్టు అనిపించదు.

నిఘంటుపురుగు:

మాటలు నిఘంటువులో దొరక్కపోవడానికి నూటికి తొంభైపాళ్ళు కారణం ఒక్కటే. మీరు వెతుకుతున్నది మాట కాదు, సంధిలో మారిపోయిన దాని మొహం.

గజేంద్రమోక్షంలోనే 'సిరికిం జెప్పఁడు' పద్యం తీయండి. అందులో 'జీరఁడు' అని ఉంటుంది. జీరు అని వెతికితే మీకు కావలసింది రాదు. అసలు ధాతువు 'చీరు', పిలవడం. 'పరివారంబునున్ + చీరఁడు'. ద్రుతం, అంటే చివరి నకారపు పొల్లు, వెనక ఉంటే క చ ట త ప లు గ జ డ ద బ లవుతాయి. ఆ పద్యంలోని జెప్పఁడు, జేదోయి, బన్నింపఁడు అన్నీ ఇదే బాపతు. చెప్పఁడు, చేదోయి, పన్నింపఁడు అని వెతకాలి. పైన యతిస్థానం గారు ఎత్తిరాసిన పద్యంలో 'డిందుఁ బరమేశ్వరుఁడు' కూడా అంతే.

రెండో రకం ప్రథమావిభక్తి మాట (వాఁడు, అపుడు లాంటిది) వెనక వస్తే జరిగేది. అక్కడ క చ ట త ప లు గ స డ ద వ లవుతాయి. తేడా చ, ప ల దగ్గరే: చ అయితే స, ప అయితే వ. 'అపుడు సనియె' అని కనబడితే అది 'చనియె', వెళ్ళాడని. రెండు రకాలూ ఒకేచోట చూడాలంటే ఈ కందం చూడండి.

కలఁ డందురు దీనులయెడఁ
గలఁ డందురు పరమయోగి గణములపాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో

మొదటి 'కలఁడు' మీద ఏ ఒత్తిడీ లేదు కాబట్టి అలాగే నిలిచింది. 'యెడన్' తర్వాత వచ్చింది 'గలఁడు' అయింది ద్రుతం వల్ల. చివరి పాదంలో 'వాఁడు గలఁడో' ప్రథమ వల్ల. ఒకే మాట, రెండు కారణాలు. ఈ పద్యం నోటికి వస్తే సరళాదేశం, గసడదవాదేశం రెండూ వచ్చినట్టే.

అందుకే అరసున్నలు (ఁ) ఉంచిన ప్రతి కొనుక్కోండి. ఇప్పటి ముద్రణల్లో చాలావాటిలో తీసేస్తున్నారు. పలకకపోయినా ఆ గుర్తు ఒక సమాచారం. పద్యంలో మాట చివర అరసున్న, పక్కమాట గ జ డ ద బ తో మొదలు కనబడితే దాని వెనక క చ ట త ప ఉండే అవకాశం ఎక్కువ. నిఘంటువుకు ఆంధ్రభారతి సైటులోని నిఘంటు శోధన చాలు. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం, బ్రౌణ్యం (బ్రౌన్ నిఘంటువు) అన్నిటినీ ఒకేసారి వెతుకుతుంది. పోతనకు తెలుగుభాగవతం సైటు కూడా ఉంది, ప్రతిపదార్థాలతో. అది మాత్రం పైన చెప్పినట్టు చివర్లోనే తెరవండి.

ఉచ్చారణ గురించి ఒక ముక్క. చాప, చుక్క లోని చ వేరు. చెట్టు, చిలక లోని చ వేరు. అచ్చులో రెండూ ఒకేలా ఉంటాయి. తెలుగుమాటల్లో అ ఆ ఉ ఊ ఒ ఓ ల ముందు దంత్యం (చాపలోని చ), ఇ ఈ ఎ ఏ ల ముందు తాలవ్యం (చెట్టులోని చ). సంస్కృతం మాటల్లో ఎప్పుడూ తాలవ్యమే, చంద్రుడిని చాపలోని చ తో పలక్కూడదు. డాలస్ మిత్రుడికి ఇది ముందే చెప్పిపెట్టండి, తర్వాత దిద్దడం కష్టం.

తెరవెనక:

కన్యాశుల్కం సంగతి నేను చెబుతా. చదవడానికి ముందే ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే పాఠమేనా చూసుకోండి. 1897లో వచ్చింది వేరు, 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసింది వేరు. అందరూ కన్యాశుల్కం అంటున్నది ఆ రెండోదాన్నే, 7 అంకాలు. మీలో ఒకరి దగ్గర మొదటి కూర్పు, లేదా రంగస్థలానికి కుదించిన ప్రతి ఉంటే మొదటి రోజే గల్లంతు. ప్రచురణకొక పేజీ లెక్క కాబట్టి పేజీలు చెప్పుకోవద్దు, అంకం, రంగం చెప్పుకోండి.

పాత్రలను నాటకం మొత్తానికి పంచుకోవద్దు. 'నువ్వు గిరీశం, నేను మధురవాణి' అని మొదలుపెట్టేవాళ్ళు ఒక అంకం కాకముందే చిక్కులో పడతారు. ఒకరికి రంగం పొడుగునా నోరు తెరిచే పని ఉండదు, ఒకరు తమతోనే తాము మాట్లాడుకోవలసి వస్తుంది. రంగానికొకసారి పంచుకోండి. ఆ రంగంలో ఎక్కువ మాటలున్న పాత్ర ఒకరికి, అదొక్కటే. మిగతావన్నీ రెండోవారికి. బొంకులదిబ్బ రంగం గిరీశం, వెంకటేశం ఇద్దరితో నడుస్తుంది కాబట్టి బోణీకి బావుంటుంది. దుకాణంలో బైరాగి, హెడ్డు కనిస్టీబు వగైరాలు పోగయ్యే రంగం మాత్రం ఇద్దరికి బరువు. ఒకే మనిషి వరుసగా రెండు పాత్రలు చదవాల్సివస్తే రెండో పాత్ర పేరు పలికి మాట మొదలుపెట్టాలి. ప్రతి మాటకూ పేరు చదివితే మాత్రం రైల్వే ప్రకటనలా ఉంటుంది.

గొంతులు మార్చే ప్రయత్నం అసలొద్దు. ఆడపాత్రకు సన్నగొంతు పెడితే మధురవాణి పాడైపోతుంది. ఆవిడ నాటకంలో అందరికంటే నిదానంగా ఆలోచించే మనిషి. గొంతు కాదు, వేగం మార్చండి. గిరీశం ఊపిరాడనివ్వకుండా, మధురవాణి తూచితూచి, అగ్నిహోత్రావధాన్లు విరుచుకుపడుతూ. మనిషెవరో వినేవాడికి అదే తెలిసిపోతుంది.

బ్రాకెట్లలో ఉన్న రంగసూచనలు తప్పకుండా పైకి చదవాలి. చాలామంది కళ్ళతో చూసి వదిలేస్తారు. పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వచ్చే రంగంలో నవ్వంతా మంచం కింద ఎవరు దూరారన్న దాని మీదే ఉంది. సూచన వదిలేస్తే వినేవాడికి అర్థంలేని అరుపులే మిగులుతాయి. తర్వాతి మాట ఎవరిది కాదో వాళ్ళు సూచన చదవాలి, అదే నియమం. 'తనలో' అని ఉన్నచోట కెమెరా నుంచి మొహం పక్కకు తిప్పండి. ఒక్క సైగ చాలు, చెప్పక్కర్లేదు.

భాషను దిద్దకండి. అది విజయనగరం వైపు పలుకుబడి, రాసిందే పలికినట్టు. 'వొచ్చి' అని ఉంటే 'వచ్చి' అని సంస్కరించొద్దు. గిరీశం ఇంగ్లీషును డాలస్ ఇంగ్లీషులో చదవొద్దు. 'మై డియర్ షేక్స్పియర్' అని వెంకటేశాన్ని పిలిచేవాడి నోట్లో తెలుగు నడకే ఉండాలి. నాటకం మొత్తం ఆడితే ఎనిమిది గంటల పైమాటే అంటారు. మధ్యలో ఆగి మాట్లాడుకోవడం కూడా కలిపి, వారానికి గంట చొప్పున మూడు నెలలు వేసుకోండి.

రాగాలబావ:

పై అందరికీ దండం పెట్టి ఒక్క మాట. పద్యనాటకం విషయంలో 'ముందు గణాలు' అన్నది నేను ఒప్పుకోను. రాయబారం పద్యాలు జనం చెవిలో రాగంతోనే ఉన్నాయి. ముందు రాగంలో పాడుకుంటే పద్యం నోటికి వస్తుంది, గణాలు తర్వాత చూసుకోవచ్చు.

యతిస్థానం:

@రాగాలబావ గారూ, నోటికి రావడం నిజమే. పేచీ ఏమిటంటే, స్టేజీ రాగంలో ఆలాపన కోసం ఎక్కడ సాగదీస్తారో అక్కడ హ్రస్వం దీర్ఘంగా చెవిలో పడుతుంది. ఆ తర్వాత గురులఘువులు గుర్తుపెడితే సగం తప్పులు వస్తాయి. అందుకని ఒకసారి రాగం లేకుండా, మామూలు మాట ఎత్తులో చదవండి. తర్వాత మీ ఇష్టం, మోహనలో పాడుకోండి, ఇంకోదానిలో పాడుకోండి. తిరుపతి వేంకట కవులు ఇద్దరు కూర్చుని రాసినదాన్ని ఇద్దరు కూర్చుని చదవడం మాత్రం భలే కుదిరింది.

ఎర్రమైకు:

కాల్ సంగతి. ఇద్దరూ ఒకేసారి చదవడం మానుకోండి. శబ్దం అటు చేరడానికి పట్టే క్షణకాలం ఆలస్యం వల్ల ఎవరి చెవికి వారు ముందున్నట్టు, అవతలివాడు వెనకపడ్డట్టు వినిపిస్తుంది. ఒకరి కోసం ఒకరు ఆగుతూ వేగం పడిపోతుంది. దానికి మందు లేదు. ఒకరి తర్వాత ఒకరు చదవడమే.

పద్యం సాగదీసినప్పుడు గొంతు తెగిపోతుంటే అది నెట్ తప్పు కాకపోవచ్చు. జూమ్ లాంటివి చప్పుడు తగ్గించే పనిలో ఆగకుండా సాగే స్వరాన్ని ఫ్యాను మోత అనుకుని కత్తిరిస్తాయి. జూమ్‌లో ఆడియో సెట్టింగులకు వెళ్ళి 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజిషియన్స్' పెట్టుకోండి, ఇద్దరూ ఇయర్‌ఫోన్లు వాడండి. ఇయర్‌ఫోన్ లేకుండా అది పెడితే ప్రతిధ్వని వస్తుంది.

వేళ: డాలస్‌లో శనివారం రాత్రి 8 అయితే వేసవిలో మీకు ఆదివారం పొద్దున 6:30, చలికాలంలో 7:30. అక్కడ గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. ఆ రెండు వారాల్లో ఎవరో ఒకరు గంటసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు, ముందే రాసిపెట్టుకోండి.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న మొదటిసారి కూర్చున్నాం. ఒక అనుమానం వచ్చింది. రాయబారంలోని 'జెండాపై కపిరాజు' శార్దూలం కదా, మ స జ స త త గ అని గుర్తుపెట్టుకుంటూ వచ్చాం. మొదటి రెండు పాదాలు ఇవి:

జెండాపై కపిరాజు ముందు సితవాజి శ్రేణియుం గూర్చి నే
దండంబుం గొని తోలు స్యందనము మీఁదన్ నారి సారించుచుం

మొదటి పాదంలో 'వాజి శ్రేణి' దగ్గర జి తర్వాత సంయుక్తాక్షరం ఉంది కాబట్టి జి గురువు అన్నాం, గణం కుదిరింది. అదే లెక్కన రెండో పాదంలో 'తోలు స్యందనము' దగ్గర స్య ముందున్న లు కూడా గురువు కావాలి. అలా పెడితే గణం చెడుతోంది. అచ్చుతప్పా?

యతిస్థానం:

అచ్చుతప్పు కాదు. 'సితవాజిశ్రేణి' మొత్తం ఒక సంస్కృత సమాసం, తెల్లగుర్రాల వరస. అచ్చులో మధ్య ఖాళీ వదిలారు గానీ లోపల అది ఒకే మాట, అందుకని శ్రే ఒత్తిడి జి మీద పడి గురువైంది. చదివేటప్పుడు అక్కడ ఆగకూడదు. 'తోలు' తెలుగు మాట, 'నేను తోలే' అని. 'స్యందనము' దాని పక్కన విడిగా నిలబడ్డ మాట. తెలుగు మాట చివరి హ్రస్వం మీద పక్కమాట మొదటి సంయుక్తం ఒత్తిడి పడదు, కాబట్టి లు లఘువే. తోలు అన్నాక ఒక వెంట్రుకవాసి విరుపు ఇచ్చి స్యందనము అందుకోండి, తూనికలో పడుతుంది. 'మీఁదన్ నారి' కొన్ని ప్రతుల్లో 'మీఁద న్నారి' అని ఉంటుంది, అక్కడ మాత్రం ద మీద ఒత్తిడి పడాల్సిందే, ఆగొద్దు.

యతి 13వ అక్షరం. మొదటి పాదంలో జెం, జి. రెండో పాదంలో దం, ద. 'గాండీవంబు' తో మొదలయ్యే మూడో పాదంలో 'మూకం జెండుచున్నప్పుడు' అని వస్తుంది, ఆ 'జెండు' జెండా కాదు. 'మూకన్ + చెండు'. పైన నిఘంటుపురుగు గారు చెప్పిందే. దాని యతి మీరే లెక్కపెట్టి చూడండి, గాం కు ఏది కుదిరిందో.

గోదారిగట్టు:

పదమూడోది 'కం'. గాం, కం. గ, క ఒకే వర్గం కాబట్టి సరిపోయింది, అంతేనా?

యతిస్థానం:

అంతే. నాలుగో పాదంలో పదమూడోది 'క్ష్మా' వస్తుంది, పాదం మొదటి 'క్కం' తో కుదిరింది. క్ష లో ఉన్నది క, ష కదా. వచ్చేవారం 'అలుగుటయే యెరుంగని' తీయండి, చంపకమాల, యతి 11.